ఆరు మిల్లీమీటర్ల రాయి, మా నాన్న, ఒక ముసలాళ్ళ మాత్ర

2024 ఏప్రిల్లో ఒక మంగళవారం, తెల్లవారుజామున రెండున్నరకి మెలకువొచ్చింది. మెలకువొచ్చింది అనడం చాలా మర్యాదగా చెప్పడం. ఎవరో వెనకనుంచి కుడి డొక్కలో గునపం దింపి నింపాదిగా తిప్పుతున్నట్టనిపించి లేచి కూర్చున్నాను. కూర్చుంటే నొప్పి, పడుకుంటే నొప్పి, నించుంటే నొప్పి. రాత్రి తిన్న మిరపకాయ బజ్జీల మీద నెపం వేసి గ్యాస్ మాత్ర వేసుకున్నా. పది నిమిషాలకి నొప్పి డొక్కలోంచి గజ్జల దాకా పాకింది. వాంతి కూడా అయ్యింది. అప్పటికి మా రూమ్మేటు లేచి, నేను నేలమీద దొర్లుతుండటం చూసి, మారు మాట్లాడకుండా క్యాబ్ బుక్ చేశాడు. కొండాపూర్ రోడ్ల మీద ఎన్ని స్పీడ్ బ్రేకర్లున్నాయో ఆ రోజే లెక్కపెట్టాను. పదకొండు.

ఆస్పత్రిలో నన్ను చూడగానే నర్సమ్మ, "కిడ్నీలో రాయండీ" అనేసింది. స్కానూ లేదు, ఏమీ లేదు. ఎలా తెలిసిందంటే, "అపెండిక్స్ వాళ్ళు కదలకుండా పడుకుంటారు, రాళ్ళవాళ్ళు మీలాగే గింగిరాలు తిరుగుతారు" అంది. పదేళ్ళ డీబగ్గింగ్ అనుభవం అంటే అదీ. డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ ఇచ్చారు. అరగంటలో నేను మళ్ళీ మనిషినయ్యాను. తర్వాత సీటీ స్కాన్ తీశారు. కుడి మూత్రనాళం కింది భాగంలో 6 మి.మీ. రాయి, పైన కిడ్నీకి కొద్దిగా వాపు. మూత్రంలో ఇన్ఫెక్షన్ లేదు, క్రియాటినిన్ నార్మల్.

తెల్లారేసరికి ఒక టై కట్టుకున్నాయన ఫైలు పట్టుకుని వచ్చాడు. డాక్టరు కాదు. "సార్, పదింటికి స్లాట్ ఉంది. లేజర్తో తీసేస్తారు. రేపు డిశ్చార్జ్. మీ కంపెనీ ఇన్సూరెన్స్ ఉంది కాబట్టి మొత్తం క్యాష్‌లెస్, మీరు రూపాయి కట్టక్కర్లేదు" అన్నాడు. నాకు ఆ శుక్రవారం ప్రొడక్షన్ రిలీజ్ ఉంది. రేపు డిశ్చార్జ్ అంటే ఎల్లుండి ఆఫీసు. దాదాపు ఊ అనేశాను కూడా. పెన్ను చేతిలో ఉంది.

సంతకం పెట్టే ముందు మా పెద్దమ్మ కూతురికి ఫోన్ చేశాను. అక్క ఒక ప్రభుత్వ ఆస్పత్రిలో జనరల్ మెడిసిన్ డాక్టరు. నిద్రలేచిన గొంతుతో నాలుగు ప్రశ్నలు అడిగింది. "జ్వరం గానీ చలి గానీ ఉందా? క్రియాటినిన్ ఎంత? రెండో కిడ్నీ బానే ఉందా? రాయి ఎంత, ఎక్కడ?" నేను రిపోర్టు చదివి వినిపించాను. కాసేపు ఆగి, "అయితే ఆగొచ్చురా. ఆగాలని రూలేం లేదు, ఆగొచ్చు అంటున్నా. లేజర్ చేసినా తప్పేం కాదు. కానీ ఈ రాయి దానంతటదే పడిపోయే అవకాశం సగం పైనే ఉంది. నీకా మాట ఎవరూ చెప్పలేదా?" అంది.

చెప్పలేదు. నా కోపం అక్కడే. లేజర్ చెయ్యడం మోసం అని నేననట్లేదు. యూరెటెరోస్కోపీ మంచి ఆపరేషనే, రాయిని ఖాయంగా తీసేసే పద్ధతుల్లో ఒకటి. కానీ దాని తర్వాత చాలామందికి లోపల స్టెంట్ అనే సన్నటి గొట్టం పెడతారు, కొన్నాళ్ళయ్యాక మళ్ళీ వెళ్ళి తీయించుకోవాలి, ఈలోపు మూత్రానికి వెళ్ళినప్పుడల్లా మంట. ఇవన్నీ చెప్పి, ఇంకో దారి కూడా ఉందని చెప్పి, అప్పుడు పెన్ను చేతిలో పెట్టుండాల్సింది. ఇన్సూరెన్స్ కడుతోంది కదాని మన ఒళ్ళు ఊరికే వచ్చినట్టా?

సరే, అక్క చెప్పిన ఇంకో యూరాలజిస్టు దగ్గరికి అదే రోజు వెళ్ళాను. పెద్దాయన. ప్రిస్క్రిప్షన్ వెనకాల బొమ్మ గీసి చెప్పాడు. కిడ్నీ నుంచి మూత్రాశయానికి పాతిక సెంటీమీటర్ల పైచిలుకు గొట్టం. లోపలి దారి మామూలుగా మూడు నాలుగు మిల్లీమీటర్లే. అందులో మూడు చోట్ల మరీ ఇరుకు. కిడ్నీ దగ్గర మొదలయ్యేచోట ఒకటి, కాళ్ళకి రక్తం తీసుకెళ్ళే పెద్ద నాళాల్ని దాటేచోట ఒకటి, మూత్రాశయంలోకి దిగే గుమ్మం దగ్గర ఒకటి. "నీ రాయి రెండు టోల్ గేట్లు దాటేసింది బాబూ, ఇంకోటే మిగిలింది" అన్నాడు.

అని, రెండు మందులు రాశాడు. నొప్పి వస్తే డైక్లోఫెనాక్. రోజూ రాత్రి భోజనం తర్వాత టామ్సులోసిన్ 0.4 మిల్లీగ్రాములు, నాలుగు వారాలు. "నొప్పి ఉన్నా లేకపోయినా రెండు వారాలకి స్కాన్ చేయించుకుని నాకు చూపించు" అని చివర్లో అండర్‌లైన్ చేశాడు. నాలుగు షరతులు పెట్టాడు. జ్వరమో చలో వచ్చినా, వాంతులు ఆగకపోయినా, మూత్రం రాకపోయినా, మందు వేసుకున్నా నొప్పి తగ్గకపోయినా, అర్ధరాత్రయినా సరే పరిగెత్తుకు రావాలి. మూసుకుపోయిన కిడ్నీలో ఇన్ఫెక్షన్ చేరితే గంటల్లో ప్రాణం మీదకి వస్తుందట, అప్పుడు మాత్రలూ మంతనాలూ పనికిరావు.

మందుల షాపులో చీటీ ఇస్తే కుర్రాడు మాత్రలు తీసి కవర్లో వేస్తూ, "నాన్నగారికా సార్?" అన్నాడు. నాకే అన్నాను. అతను నన్ను పైనుంచి కిందకి ఒక చూపు చూసి, మళ్ళీ చీటీ చూసి, ఏదో అనబోయి ఊరుకున్నాడు. రూముకొచ్చి వెదికితే అర్థమైంది. అది ప్రొస్టేట్ గ్రంథి పెరిగిన ముసలివాళ్ళకి మూత్రం సాఫీగా రావడానికి ఇచ్చే మందు. 1997లో అమెరికాలో అనుమతి వచ్చింది దానికే. ఇరవై ఎనిమిదేళ్ళకే నాకు ప్రొస్టేట్ మాత్రలు! మా రూమ్మేటు వారం రోజులు నన్ను 'తాతగారూ' అని పిలిచాడు.

ఇంతకీ ముసలాళ్ళ మందుకి నా రాయితో ఏం పని? మూత్రనాళం ఊరికే వేలాడే ప్లాస్టిక్ పైపు కాదు. దాని గోడల్లో కండ ఉంటుంది. అది అలలు అలలుగా బిగుసుకుంటూ మూత్రాన్ని కిందకి నెడుతుంది. రాయి ఇరుక్కుంటే ఆ కండ కంగారుపడిపోయి దాని చుట్టూ ఇంకా గట్టిగా బిగుసుకుంటుంది. కింది భాగంలో ఆ కండకి బిగుసుకోమని సంకేతం ఇచ్చే ఆల్ఫా రిసెప్టర్లు ఎక్కువ. ప్రొస్టేట్ దగ్గరున్న కండలోనూ అవే ఉంటాయి. టామ్సులోసిన్ వాటిని బ్లాక్ చేస్తుంది. కండ కాస్త వదులవుతుంది, పైనుంచి మూత్రం ఒత్తిడి ఎలాగూ ఉంది, రాయి జారుతుంది. సిద్ధాంతం ఇంతే. గమనించాల్సిందేంటంటే ఈ మాత్ర రాయిని కరిగించదు, పగలగొట్టదు. ట్రాఫిక్‌లో ఒక లేన్ ఖాళీ చేయిస్తుంది, అంతే.

ఇహ అసలు కథ సాయంత్రం మొదలైంది. నాన్న ఫోన్.

"ఆపరేషన్ చేయించుకోరా" అన్నాడు. హలో కూడా లేదు.

"డాక్టరుగారు ఆగమన్నారు నాన్నా. మాత్రలిచ్చారు."

"మాత్రలా?" అని ఊరుకున్నాడు. మర్నాడు పొద్దున ఏడింటికి అమ్మతో సహా గుమ్మంలో ఉన్నాడు. నరసరావుపేటలో రాత్రి బస్సెక్కి వచ్చేశారు. అమ్మ చేతిసంచిలో తడిబట్ట చుట్టిన కొండపిండాకు కట్టలు, ఒక డబ్బాలో ఉలవలు. నాన్న చేతిలో ఏమీ లేదు.

మా నాన్న సంగతి చెప్పాలి. చెప్పకపోతే ఈ రాతకి అర్థం లేదు.

2011లో, నేను పదో తరగతిలో ఉండగా, నాన్నకి ఇలాంటి నొప్పే వచ్చింది, ఎడమ పక్క. అప్పుడాయన హైస్కూల్లో లెక్కల మాస్టారు. మూడు రోజులు మంచం మీద మెలికలు తిరిగాడు. ఎవరో చెబితే పక్క ఊళ్ళో పసరు పోసే ఆయన దగ్గరికి వెళ్ళాడు. పసరు తాగిన మర్నాటికి నొప్పి మాయం. "రాయి కరిగిపోయింది" అని ఊరంతా చెప్పాడు. స్టాఫ్ రూములో ఇద్దరు ముగ్గురు మాస్టార్లని ఆయనే దగ్గరుండి ఆ పసరాయన దగ్గరికి తీసుకెళ్ళాడు కూడా. 2013లో బీపీ ఎక్కువుందని గుంటూరులో చూపిస్తే, డాక్టరు స్కాన్ తీయించాడు. ఎడమ కిడ్నీ కుంచించుకుపోయి ఉంది. దాని కింద గొట్టంలో రాయి ఉన్నచోటే ఉంది. రెండేళ్ళుగా.

రాయి దారి మూసేసినప్పుడు వచ్చే నొప్పి, వెనక పెరిగే ఒత్తిడి వల్ల. కిడ్నీ నెమ్మదిగా ఓడిపోయి మూత్రం తయారుచేయడం తగ్గించేస్తే ఒత్తిడి తగ్గుతుంది, నొప్పీ తగ్గుతుంది. అంటే నొప్పి పోయిందంటే రాయి పోయిందనుకోవచ్చు, కిడ్నీయే పోతోందని కూడా అనుకోవచ్చు. బయటికి రెండూ ఒకేలా ఉంటాయి. ఎర్రర్ లాగ్ రావడం ఆగిపోయిందని సంబరపడితే, తీరా చూస్తే లాగ్ రాసే సర్వర్ పడిపోయి ఉండటం లాంటిది. నాన్న అప్పటినుంచీ ఒక్క కిడ్నీ మీద నెట్టుకొస్తున్నాడు. తలనొప్పికి మాత్ర వేసుకోవాలన్నా డాక్టర్ని అడగాలి.

కాబట్టి ఆయనకి 'ఆగుదాం' అనే మాట వినిపిస్తే చాలు, పసరు వాసన వస్తుంది. నేను లాప్‌టాప్ తెరిచి గ్రాఫులు చూపించబోయాను. లెక్కల మాస్టారు కదా, లెక్కలతో ఒప్పిద్దామని. నేను కూడా అప్పటికి సగం రాత్రి మేలుకుని చదివాను లెండి.

లెక్కలు ఇలా ఉన్నాయి. 2002లో వచ్చిన ఒక అమెరికన్ పరిశీలన ప్రకారం ఏ మందూ లేకుండా రాయి పడిపోయే అవకాశం 2 నుంచి 4 మి.మీ. దానికి 76 శాతం, 5 నుంచి 7 మి.మీ. దానికి 60, 9 మి.మీ. దాటితే 25. మాత్ర ఇస్తే ఇది పెరుగుతుందా అన్నదే ప్రశ్న. 2006లో లాన్సెట్ పత్రికలో తొమ్మిది చిన్న చిన్న ట్రయల్స్‌ని కలిపి లెక్కగడితే, మందిచ్చిన వాళ్ళలో రాయి పడే అవకాశం 65 శాతం ఎక్కువ అని తేలింది. ఆ తొమ్మిదింట్లో ఉన్నవాళ్ళు మొత్తం 693 మందే. అయినా ప్రపంచమంతా డాక్టర్లు ఈ మాత్ర రాయడం మొదలుపెట్టారు.

2015లో అదే లాన్సెట్‌లో బ్రిటన్ వాళ్ళు బాంబు పేల్చారు. 24 ఆస్పత్రుల్లో 1,167 మందిని తీసుకుని, కొందరికి టామ్సులోసిన్, కొందరికి నిఫెడిపిన్ అనే ఇంకో మందు, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఎవరికేది వెళ్ళిందో రోగికీ తెలీదు, డాక్టరుకీ తెలీదు. నాలుగు వారాలయ్యాక ఆపరేషన్ లాంటిదేమీ అవసరం పడని వాళ్ళు టామ్సులోసిన్ గుంపులో 81 శాతం, నిఫెడిపిన్‌లో 80, ఉత్తుత్తి మాత్రలో 80. అంటే సున్నా! 2018లో అమెరికాలో ఎమర్జెన్సీకి వచ్చిన 512 మంది మీద చేసినా అంతే, 50కి 47. అది తేడా కింద లెక్కకి రాదు.

ఇక్కడిదాకా చదివి నేను మాత్రల షీటు వంక అనుమానంగా చూశాను. అక్కకి మెసేజ్ పెడితే నవ్వింది. "ఆ ట్రయల్స్‌లో రాళ్ళ సైజు చూడు" అంది. చూశాను. బ్రిటన్ ట్రయల్లో ఎక్కువమందివి 5 మి.మీ. లోపు రాళ్ళే. అమెరికా దాంట్లో సగటు 3.8 మి.మీ. అంత చిన్నవి ఎలాగూ పడిపోతాయి, ఇంక మాత్ర గొప్పదనం కనపడేదెక్కడ? ఖాళీ రోడ్డు మీద ట్రాఫిక్ పోలీసుని పెట్టి, ఆయన వల్ల ఉపయోగం లేదని తేల్చినట్టు. 2016లో ఆస్ట్రేలియా వాళ్ళు 403 మంది మీద చేసిన ట్రయల్లో మొత్తం మీద పెద్ద తేడా లేదు గానీ, 5 నుంచి 10 మి.మీ. రాళ్ళని విడిగా చూస్తే ఉత్తుత్తి మాత్రకి 61 శాతం, టామ్సులోసిన్‌కి 83. 2018లో చైనాలో 30 ఆస్పత్రుల్లో, కింది భాగంలో 4 నుంచి 7 మి.మీ. రాళ్ళున్న 3,296 మంది మీద చేస్తే 79కి 86. లాభం మళ్ళీ 5 మి.మీ. దాటిన వాటిలోనే. అదే ఏడాది కాక్రేన్ వాళ్ళు 67 అధ్యయనాల్ని జల్లెడపట్టి చెప్పిందీ దాదాపు అదే. 5 మి.మీ. లోపు రాళ్ళకి ఉపయోగం అంతంతమాత్రం, పెద్దవాటికి కొంత ఉంది, ఎంత పకడ్బందీగా ట్రయల్ చేస్తే ఆ లాభం అంత చిన్నదిగా కనిపిస్తోంది.

మన భాషలో చెప్పాలంటే, చిన్న టెస్ట్ డేటా మీద అదరగొట్టిన ఫీచర్ అసలు లోడు మీదకి రాగానే తుస్సుమంది. తర్వాత లాగ్స్ విడదీసి చూస్తే, కొంతమంది యూజర్లకి మాత్రం నిజంగానే పనికొస్తోందని తేలింది. నా రాయి 6 మి.మీ., కింది భాగంలో ఉంది. నేను ఆ కొంతమందిలో ఉన్నాను.

ఇదంతా నాన్నకి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. చివర్లో, "86 అంటే, మిగిలిన 14 మంది సంగతేంట్రా?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. అక్కడే నాకు తెలిసింది, ఈ మొత్తం వ్యవహారంలో మాత్ర చిన్న విషయం, ఆ పధ్నాలుగు మందిని ఎవరు కనిపెడుతున్నారన్నదే పెద్ద విషయం అని. యూరాలజిస్టు ప్రిస్క్రిప్షన్ తీసి అండర్‌లైన్ చేసిన లైను చూపించాను. నొప్పి ఉన్నా లేకపోయినా స్కాన్. నాన్న కళ్ళజోడు పెట్టుకుని దాన్ని రెండుసార్లు చదివాడు. "సరే. స్కాన్ అయ్యేదాకా నేనిక్కడే ఉంటా" అన్నాడు.

అలా ఇద్దరు కుర్రాళ్ళ రూములో మా అమ్మానాన్నల కాపురం మొదలైంది. టీ వడపోసే జాలీ ఒకటి బాత్రూముకి అంకితమైపోయింది. రాయి పడితే పట్టుకుని పరీక్షకి పంపాలి కాబట్టి ప్రతిసారీ వడకట్టాలన్నమాట. ఆ తర్వాత మా రూమ్మేటు చాలా రోజులు మా ఇంట్లో టీ తాగలేదు :-)

మాత్రకి సైడ్ ఎఫెక్టులు లేకపోలేదు. మూడోరోజు పొద్దున్నే మంచం మీంచి చటుక్కున లేస్తే కళ్ళు బైర్లు కమ్మి గోడ పట్టుకున్నాను. ఇది బీపీని కొద్దిగా దించుతుంది, అందుకే రాత్రిపూట వేసుకోమనేది, నెమ్మదిగా లేవమనేది. ఇంకోటుంది, మనవాళ్ళెవరూ పైకి చెప్పరు గానీ చెప్పాలి. కొంతమంది మగవాళ్ళకి ఈ మందు వాడినన్నాళ్ళూ వీర్యం బయటికి రాకుండా వెనక్కి మూత్రాశయంలోకి పోతుంది. ప్రమాదం ఏమీ లేదు, మందు ఆపితే సర్దుకుంటుంది. ముందే తెలియకపోతే మాత్రం గుండె ఆగినంత పనవుతుంది, ముఖ్యంగా కొత్తగా పెళ్ళయినవాళ్ళకి. ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఈ మాత్ర వాడుతుంటే, కంటి శుక్లాల ఆపరేషన్ ముందు ఆ సంగతి కంటి డాక్టరుకి తప్పకుండా చెప్పాలి. కనుపాప వదులైపోయి ఆపరేషన్ కష్టమవుతుందట.

ఆఫీసులో తెలిసాక సలహాలే సలహాలు. మా టీమ్ లీడ్ రెండు బీర్లు కొట్టమన్నాడు. ఇంకొకతను గంటకో లీటరు నీళ్ళు తాగి మెట్లు దూకమన్నాడు. డాక్టర్ని అడిగితే, నొప్పి వస్తున్న సమయంలో బలవంతంగా నీళ్ళు పట్టిస్తే రాయి తోసుకుపోతుందన్న రుజువేం లేదు, మూసుకున్న పైపులో నీళ్ళు నింపితే నొప్పి పెరగొచ్చు కూడా, దాహానికి తగ్గట్టు తాగు చాలు అన్నాడు. ఎక్కువ నీళ్ళ అవసరం తర్వాత, ఇంకో రాయి పుట్టకుండా. అమ్మ కొండపిండాకు గురించి కూడా అడిగాను. "పప్పులో వేసుకుని తిను, బావుంటుంది. స్కాన్ మాత్రం మానకు" అన్నాడు. అమ్మ దాన్ని తన విజయంగానే లెక్కవేసుకుంది. ఉలవకట్టు కూడా కాచింది. నిజం చెప్పొద్దూ, చాలా బావుంది.

మొదటి వారంలో రెండుసార్లు నొప్పి వచ్చింది, డైక్లోఫెనాక్‌కి తగ్గింది. తొమ్మిదో రోజు నుంచి మొత్తం పోయింది. ఒళ్ళు తేలికైపోయింది. జాలీలో ఏమీ పడలేదు గానీ, ఆఫీసులో ఉన్నప్పుడు పోయుంటుందిలే అనుకున్నాను. ఆఫీసుకి జాలీ ఎవడు పట్టుకెళ్తాడు? పదిహేనో రోజు స్కాన్. ఆ రోజే మా క్లయింటుతో డెమో. శుక్రవారం రిలీజ్ కాస్తా జరిగి జరిగి ఆ రోజుకొచ్చింది.

"నాన్నా, నొప్పి లేదుగా. వచ్చే వారం వెళ్తాను" అన్నాను.

నాన్న పేపరు చదువుతున్నాడు. మడిచి పక్కన పెట్టాడు. కోప్పడతాడనుకున్నా, కోప్పడలేదు. "నాకూ లేదురా" అన్నాడు.

అంతే. డెమో ఇంకొకళ్ళకి అప్పగించి వెళ్ళాను. స్కాన్ గదిలో జెల్ పూసి అటూ ఇటూ తిప్పిన డాక్టరమ్మ, "ఉందండీ" అంది. రాయి మూత్రాశయం గుమ్మం దాకా దిగి అక్కడ కూర్చుని ఉంది. కిడ్నీ వాపు అలాగే ఉంది. నొప్పి మాత్రం సున్నా. బయట కుర్చీలో ఉన్న నాన్నకి చెబితే తల ఊపాడు, అంతకుముందే తెలిసినట్టు.

యూరాలజిస్టు రిపోర్టు చూసి, వాపు పెరగలేదు, రాయి కదులుతోంది, ఇంకో రెండు వారాలు చూద్దాం, పడకపోతే తేదీ వేసుకుందాం అన్నాడు. ఆపరేషన్ తేదీ అప్పుడే కాగితం మీద రాయించుకున్నాడు నాన్న. గడువు లేని టికెట్ ఎప్పటికీ క్లోజ్ అవదని మాకు కదా తెలియాలి, ఆయనకే ఎక్కువ తెలుసు.

పంతొమ్మిదో రోజు పొద్దున ఆరుగంటలకి, కాస్త మంట, ఒక్క క్షణం ధార ఆగింది, జాలీలో చిన్న శబ్దం. మినపగుండు కన్నా చిన్నది, గోధుమరంగు, ఒకపక్క ముళ్ళలాగా. చెప్పొద్దూ, ఉద్యోగం వచ్చిన రోజు కూడా అంత సంతోషపడలేదు. మళ్ళీ స్కాన్ తీస్తే రాయి లేదు, తర్వాతి నెలకి వాపు కూడా లేదు. రాయిని ల్యాబుకి పంపితే కాల్షియం ఆక్సలేట్ అని వచ్చింది. అప్పటినుంచీ రోజుకి రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేలా నీళ్ళు, ఉప్పు తక్కువ, నిమ్మరసం ఎక్కువ. కాల్షియం రాయని పాలూ పెరుగూ మానక్కర్లేదు, మానితేనే ఆక్సలేట్ ఎక్కువ ఒంటబట్టి ఇంకా ముప్పట. ఆవకాయ మాత్రం తగ్గించాల్సొచ్చింది. ఈ కథలో నిజమైన త్యాగం అదొక్కటే.

మరి మాత్ర వల్లే పడిందా? తెలీదు. తెలిసే మార్గం కూడా లేదు. వందమందిలో అరవై మందికి ఏ మందూ లేకుండానే పడుతుంది, నేను ఆ అరవైలో ఉన్నానో, మాత్ర పుణ్యాన కలిసిన ఇరవైలోనో, ఏడులోనో. అమ్మ దృష్టిలో కొండపిండాకు. "నా మెషీన్లో పనిచేసింది" అన్నది టెస్ట్ రిపోర్ట్ కాదని మనందరికీ తెలుసు. పసరాయన దగ్గరికి నాన్న తీసుకెళ్ళిన మాస్టార్లకీ అలాగే 'పనిచేసుంటుంది', చాలామందికి. అందుకే ఎవరైనా నన్నడిగితే ఈ మాత్ర వాడమని చెప్పను. డాక్టర్ని నాలుగు ప్రశ్నలు అడగమని చెబుతాను. రాయి ఎంత? ఎక్కడ? ఆగితే నష్టమేంటి? ఎన్నాళ్ళు ఆగాలి, మళ్ళీ స్కాన్ ఎప్పుడు? ఒకే కిడ్నీ ఉన్నవాళ్ళు, జ్వరం ఉన్నవాళ్ళు, క్రియాటినిన్ పెరిగినవాళ్ళు ఆగే లెక్కలోకి రారు. ఆ స్థానంలో మా నాన్న ఉండుంటే నేనే చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళేవాణ్ణి.

పొద్దున్నించి రాత్రిదాకా ఏసీలో కూర్చుని, టీలూ కాఫీలూ తప్ప మంచినీళ్ళు ముట్టని జాతి మనది. మనలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఆ రెండున్నర గంటల మెలకువ తప్పదేమో. అప్పుడు నొప్పి తగ్గగానే డెస్కు దగ్గరికి పరిగెత్తకండి.

రాయి పడ్డ రోజు సాయంత్రమే అమ్మానాన్నలు ఊరికి బయల్దేరారు. ల్యాబుకి పంపేముందు నాన్న దాన్ని అరచేతిలో వేసుకుని, కళ్ళజోడు సర్దుకుని, చాలాసేపు చూశాడు. కుడి చేత్తో దాన్ని చూస్తూ, ఎడమచెయ్యి తెలియకుండానే తన ఎడమ డొక్క మీద పెట్టుకున్నాడు.

"ఇంతేనా" అన్నాడు.